సన్న కుంచె

భావనారాయణకి కెమెరా కొనాలని ఉంది. కొనాలంటే భయంగానూ ఉంది.

మామూలు భయం కాదు. తప్పు కెమెరా కొన్నాడంటే మళ్ళీ ఇంకోటి కొనే స్తోమత లేదు. చీరాలలో ఓ చీరల కొట్లో పనిచేస్తాడు. అన్నం తింటూ ఫోన్లో కెమెరాల వీడియోలు చూస్తాడు, నడుస్తూ చూస్తాడు, చివరికి చీర మడతపెడుతూ కూడా చూసి యజమాని చేత చీవాట్లు తింటాడు. ఒకాయన ఈ లెన్స్ లేకపోతే బతుకే దండగంటాడు. ఇంకొకాయన అదే లెన్స్ కొన్నారో మునిగారే అంటాడు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది పాపం, ఏం చేస్తాడు?

మధ్యాహ్నం కొట్టు కాస్త ఖాళీ అవగానే జీవరత్నం మాస్టారి స్టూడియోకి పరుగెత్తేవాడు. మాస్టారు ఆ వీధిలో ఎప్పట్నించో ఫోటోలు తీస్తున్న మనిషి. ఇప్పుడు ఎవరన్నా వస్తే పాస్‌పోర్టు ఫోటో తీస్తారు, రాకపోతే వాకిట్లో కుర్చీ వేసుక్కూచుంటారు. మాటలు బహు తక్కువ. మొహం మీద వెలుతురు ఎటు పడుతోందో చూడటం భావనారాయణకి ఆయనే నేర్పారు. అందుకే ఆయనంటే గురి.

ఆ రోజు వచ్చీ రాగానే మొదలెట్టాడు.

"మాస్టారూ, ఒంగోల్లో ఎవరో వాడిన కెమెరా అమ్ముతున్నారంట. దాంతో మామూలు చిన్న లెన్స్ ఇస్తారు. అది వద్దని చెప్పి, బదులుగా పెద్ద జూమ్ లెన్స్ తీసుకుందామనుకుంటున్నా. ఎంత దూరంలో ఉన్నా దగ్గరికి లాగేస్తుందంట. మీరేమంటారు?"

"ఎవర్ని లాగుతావు?"

"అంటే, ఎవర్నైనా."

"ముందు ఎవర్ని?"

భావనారాయణ తల గోక్కున్నాడు. "మా అమ్మని."

మాస్టారు అతని వంక చూశారు. వాళ్ళమ్మ నాంచారమ్మ సంగతి వీధి మొత్తానికీ తెలిసిందే. గుండెలో వాల్వు పాడైంది. సోమవారం గుంటూరు ఆస్పత్రిలో చేరాలి, మర్నాడు ఆపరేషన్. చెయ్యకపోతే మనిషి దక్కదన్నారు, చేసేటప్పుడు ఏమైనా కావచ్చనీ అన్నారు. అన్నీ చెప్పి సంతకం పెట్టమన్నారు. తండ్రి లేడు కాబట్టి సంతకం పెట్టింది భావనారాయణే. ఆ పూట నించే అతనికి ఈ కెమెరా పిచ్చి పట్టుకుంది. ఆ సంగతి అతనికి తెలీదు గానీ, చూసేవాళ్ళకి తెలుస్తూనే ఉంది.

"మీ అమ్మ ఇంట్లోనే ఉంటుందిగా. దూరంనించి లాగడం దేనికి?"

"వాకిట్లో నిలబడి తీద్దామని. ఆవిడకి తెలీకుండా."

"తెలిస్తే?"

"ఇప్పుడెందుకురా అంటుంది."

మాస్టారు అతని జేబు వైపు చూపించారు. "ఫోన్ ఉందిగా. దాంతో తియ్యి."

"ఫోన్లో తీస్తే పెద్దది చేయించినప్పుడు పగిలిపోద్ది మాస్టారూ."

అనేశాడు. అన్నాక గానీ తను ఏమన్నాడో తనకి వినపడలేదు. ఒక్క మనిషి ఫోటోని ఇళ్ళల్లో ఎప్పుడు పెద్దది చేయిస్తారు? చేయించి దానికి ఏం వేస్తారు? ఈ స్టూడియోలోంచి అలాంటి ఫోటోలు ఎన్ని వెళ్ళాయో అతను చూడలేదా? ఛీ, ఏం నోరురా ఇది అని తనని తనే తిట్టుకున్నాడు.

మాస్టారు లేచి లోపలికెళ్ళి ఒక రేకు డబ్బా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టారు.

ఆ డబ్బా ఏంటో భావనారాయణకి తెలుసు. వెనకటి రోజుల్లో చాలామంది బతికుండగా ఫోటో దిగేవాళ్ళు కాదు. పోయాక ఇంట్లోవాళ్ళకి గుర్తొచ్చేది, అయ్యో ఒక్క ఫోటో అన్నా లేదే అని. అప్పుడు స్టూడియోకి కబురొచ్చేది. శవాన్ని గోడకి ఆనించి కూచోబెట్టి, పడిపోకుండా ఎవరో వెనకనించి పట్టుకుంటే, మాస్టారు ఫోటో తీసేవారు. తర్వాత ఆ ఫోటోలో మూసిన రెప్పల మీద సన్న కుంచెతో తెరిచిన కళ్ళు వేసేవారు. అది గోడకెక్కేది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు భావనారాయణకి ఆ పూట ముద్ద దిగలేదు.

ఆ కుంచె ఆ డబ్బాలోనే ఉంది. మాస్టారు దాన్ని నీళ్ళలో ముంచి, ఎండిపోయిన రంగు బిళ్ళ మీద మెల్లగా రుద్దడం మొదలెట్టారు. తెల్ల కాగితం ఒకటి ముందుకు లాక్కున్నారు.

"మీ అమ్మ కళ్ళు ఏ రంగు?"

"మాస్టారూ, వద్దండీ."

"ఏ రంగు కలపాలి? చెప్పు."

"నల్లవే."

కాగితం మీద నల్ల చుక్క పెట్టారు. "ఇదేనా?"

"అంత నలుపు కాదు."

కాస్త గోధుమ రంగు కలిపి పక్కనే ఇంకో చుక్క పెట్టారు. "ఇదా?"

భావనారాయణ వంగి చూశాడు. అమ్మ మొహం గుర్తుచేసుకున్నాడు. నుదుటి మీద బొట్టు లేకపోవడం గుర్తొచ్చింది, ముక్కుకున్న పుడక గుర్తొచ్చింది, గొంతు వినపడింది. కళ్ళు మాత్రం రాలేదు. ఎంత గింజుకున్నా రాలేదు.

"ఏ కన్ను కాస్త పెద్దది?"

భావనారాయణ ఆ రెండు చుక్కల్నీ మార్చి మార్చి చూశాడు.

"కొడుకులందరూ ఇంతే అబ్బాయ్," అన్నారు మాస్టారు. కోపంగా అనలేదు. "పక్కనే కూచుని ఏడుస్తుండేవాళ్ళు. అడిగితే ఒకడు నలుపనేవాడు, ఒకడు కాదనేవాడు. నాకు తోచినట్టు వేసిచ్చేవాణ్ణి. ఆ గోడల మీదున్నవన్నీ నేను ఊహించి పెట్టిన కళ్ళే."

కుంచె కడిగి తుడిచారు. తర్వాత అద్దాల బీరువా తెరిచి తన పాత కెమెరా తీశారు. దానికి పొట్టి లెన్స్ ఒకటి బిగించి ఉంది. భావనారాయణ చేతిలో పెట్టారు.

"ఇది జూమ్ అవదు. దగ్గరగా పడాలంటే దగ్గరికెళ్ళాలి."

ఇంకో రోజైతే ఈ కెమెరా ఎన్ని మెగాపిక్సెల్లండీ అని అడిగేవాడే. ఇప్పుడు ఆ ఊసే తట్టలేదు.

"ఎందుకురా అని అడిగితే?"

"అడగనీ," అన్నారు మాస్టారు.

ఇంటికెళ్ళేసరికి నాంచారమ్మ మగ్గం పక్కన కూచుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. పని చెయ్యొద్దని డాక్టరు చెప్పినా, ఖాళీగా కూచుంటే ఏదేదో తోస్తుందని ఆవిడ ఒకటే పోరు. పైకప్పులోని గాజు పెంకులోంచి సాయంత్రపు వెలుతురు మగ్గం మీదా ఆవిడ మొహం మీదా పడుతోంది.

భావనారాయణ గుమ్మంలోంచే కెమెరా కంటికి పెట్టుకున్నాడు. మగ్గం కనపడింది, గోడ కనపడింది. అమ్మ ఎక్కడో మూల చిన్నగా ఉంది. గడప దాటాడు. అయినా చిన్నగానే ఉంది. ఇంకాస్త ముందుకొచ్చాడు. ఈలోపు ఆవిడ తలెత్తనే ఎత్తింది.

"ఏందిరా అది?"

"కెమెరా అమ్మా. మాస్టారిది."

"ఇప్పుడెందుకురా?"

అదే మాట. ఆ మాట కోసం దారి పొడుగునా అబద్ధాలు పేర్చుకుంటూ వచ్చాడు. కెమెరా పనిచేస్తోందో లేదో చూస్తున్నా అనొచ్చు. మాస్టారు నేర్చుకోమన్నారు అనొచ్చు. సమయానికి ఒక్కటీ నోటికి రాలేదు.

"భయంగా ఉందమ్మా."

రాట్నం ఆగిపోయింది.

"నాకూ భయంగానే ఉందిరా నాయనా," అంది నాంచారమ్మ. "నువ్వు జడుసుకుంటావని చెప్పలా."

చూడండి వీళ్ళ తెలివి! ఉన్నది ఒక్క గది. ఒకరికి తెలీకుండా ఒకరు ఆ గదిలోనే ఇన్నాళ్ళూ భయపడుతూ కూచున్నారు. భావనారాయణకి ఏడుపొచ్చింది. నేల మీద, రాట్నానికి అటుపక్క మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఆవిడే ముందు తేరుకుంది. చెంగుతో మొహం తుడుచుకుంది.

"తియ్యి మరి. కొప్పు సరిగ్గా ఉందా? రేపు పెద్దది చేయించి గోడకి కొడితే, జుట్టు రేగిపోయి ఉందని మీ మేనత్త నన్నే ఆడిపోసుకుంటది."

"అమ్మా! అవేం మాటలే!"

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కొడుకు వంక సూటిగా చూసింది. భావనారాయణ కెమెరా ఎత్తాడు. ఇప్పుడు అందులో మగ్గం లేదు, గోడ లేదు, అమ్మ ఒక్కతే ఉంది. అలా చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

"తీస్తావా, చూస్తావా?" అందావిడ.

అప్పుడు నొక్కాడు.

సోమవారం పొద్దున్నే గుంటూరు బస్సుకి బయల్దేరారు. దారిలో స్టూడియో ముందు ఆటో ఆపించి, నాంచారమ్మ అందులోనే కూచుని ఉండగా, భావనారాయణ కెమెరా ఇచ్చేద్దామని లోపలికొచ్చాడు.

మాస్టారు కెమెరా అందుకోలేదు. ఫోటో చూపించమనీ అడగలేదు.

"ఏ రంగు?" అన్నారు.

"నలుపు కాదు మాస్టారూ. తేనె రంగు. అంచు చుట్టూ సన్నగా బూడిద రంగు గీత ఉంది. ఎడమ కంట్లో పక్కగా చిన్న మచ్చ ఉంది. నవ్వితే కుడి కన్ను ముందు మూతపడుద్ది." గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చెప్పి, తల దించుకున్నాడు. "ఫోటో కదిలింది. చెయ్యి వణికిందండీ. ఇప్పటికీ వణుకుతూనే ఉంది."

రేకు డబ్బా ఇంకా బల్ల మీదే ఉంది. మాస్టారు దాని మూత నొక్కి, కుర్చీ ఎక్కి, పైన అటక మీద లోపలికంటా తోసేశారు. దిగి చేతులు దులుపుకున్నారు. కెమెరా పట్టీ భావనారాయణ మెళ్ళో వేశారు. సొరుగులోంచి ఛార్జర్ తీసి వైరు చుట్ట చుట్టి అతని జేబులో పెట్టారు.

బయట ఆటో అతను హారన్ కొడుతున్నాడు.

"బ్యాటరీ పాతది, ఊరికే దిగిపోద్ది," అన్నారు మాస్టారు. "అక్కడే ఎక్కించి తీసుకురా. ఆవిడ ఇంటికొచ్చిన రోజు తియ్యాలిగా."