చెప్పులు విడవని గుట్ట

ఆగండన్నా, ఆగండి, చెప్పులు ఇప్పమాకండి. ఇక్కడ ఏసుకునే లోపలికి రావాల. ఎగతాళి కాదన్నా, నిజంగానే చెప్తన్నా. ఇందాకట్నుంచి ఈ అక్కావాళ్ళకి గూడా అదే చెప్తా ఉన్నా, ఇంతలోకి మీరొచ్చారు. ఆ నీడలోకి జరగండి, బండ కాలతా ఉంటది. మీ కోసం మళ్ళీ మొదట్నుంచి చెప్తాలే.

మొక్కే ముందు ఒకసారి వంగి, మీ చెప్పుల్ని చేత్తో తాకి కళ్ళకద్దుకోండి. సిగ్గేం లేదు, ఇక్కడ అందరూ చేసేదే. కుట్టినోళ్ళ పేరు తెలిస్తే చెప్పండి. బజార్లో కొన్నారా? సరే, ఎవురో ఒకరు యాడో కూర్చోని అతికిచ్చుంటారు గదా. 'అతికిచ్చినోళ్ళకి' అనండి, చాలు. అదే ఇక్కడ మంత్రం. ఇంకో మంత్రం లేదు, పూజారి గూడా లేడు.

పూర్వం ఈ చుట్టుపక్కల పన్నెండూళ్ళనీ గురవప్ప దొర ఏలేవాడంట. ఇది మెట్ట సీమ. కాలు కింద పెడితే పల్లేరు కాయ, పక్కన పెడితే తుమ్మ ముల్లు, రెండూ లేని చోట కాలిపోయే రాయి. చెప్పుల్లేకుండా పొలానికి పోయే మొనగాడు ఈ సీమలో పుట్టలేదు. అంత మందికీ చెప్పులు కుట్టేది ఈ గుట్ట కింద మా మాదిగపేట ఒక్కటే, అప్పుడు పద్నాలుగిళ్ళు. ఆ పేటలో ఆదెమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయాడు, ఒక్కతే కూతురు. మాట మెత్తన, చెయ్యి గట్టి. ఆమె కుట్టిన చెప్పు మూడేళ్ళు తిరిగినా బొటనేలు దూర్చే ఉంగటం తెగేది కాదంట.

ఆమెకి ఒక అలవాటుండేది. పొద్దున్నే లేచి, తోళ్ళు నానేసే లందకి దండం పెట్టేది, తోలు పదును చేసే తంగేడు చెక్కకి పెట్టేది, కుట్టే ఆరెకి పెట్టేది. చెప్పుల జత అయిపోయినాక కళ్ళకద్దుకోని, ఆ తోలు ఏ గొడ్డుదో దాని పేరు చెప్పేది. తీసుకోను వచ్చినోళ్ళ చేత గూడా చెప్పించేది. చెప్పకపోతే జత ఇచ్చేది కాదు. ఒకసారి మాలకొండయ్య అని ఒక రైతు వచ్చాడంట.

"ఏందే ఆదెమ్మా, చెప్పులిమ్మంటే పురాణం మొదలుబెట్టావ్?"

"పురాణమే సామీ. ఇది మీ పక్కింటి రోశమ్మగారి బర్రె తోలు. పదకొండీతలు ఈనింది. మీ పిల్లోడు తాగి పెరిగిన పాలు దానియ్యే."

"అయితే బర్రెకి దండం పెట్టమంటావా నన్ను?"

"ఇష్టం లేకపోతే మానండి సామీ. దారిలో ముల్లు గుచ్చుకున్నప్పుడు పెడుదురు గాని."

చుట్టూ ఉన్నోళ్ళు పకపకా నవ్వారంట. మాలకొండయ్య గూడా నవ్వి, ఎవురన్నా చూస్తన్నారేమోనని అటూ ఇటూ చూసి, వంగాడంట. పోను పోను పన్నెండూళ్ళలో అది మామూలైపోయింది. పొద్దున గడప దాటే ముందు చెప్పు తాకి, ఎద్దుదైతే ఎద్దు పేరు, బర్రెదైతే బర్రె పేరు. పేరు తల్చుకున్నాక దాని పని గూడా తల్చుకోక తప్పదు గదా. అట్టా దున్నిందీ, పాలిచ్చిందీ, మోసిందీ, అన్నీ రోజూ ఒకసారి మనసులో మెదిలేయంట.

కానీ దొర ఊళ్ళో ఇంకో కట్టడి ఉండేది. కోట ముందు ఈది ఒకటి ఉంది, ఇప్పుడు బస్సులు ఆగేది అక్కడే. ఆ ఈదిలో మా పేటోళ్ళు చెప్పులేసుకుని నడవగూడదు. తామే కుట్టిన చెప్పుల్ని ఇప్పి, నెత్తిన పెట్టుకుని నడవాల. దొర అరుగు మీదుంటే ఆగి, "తమ దయ వల్ల బతకతన్నాం" అనాల. అందరూ అనేవాళ్ళు. అనకపోతే ఏమైద్దో తెలుసు గదా.

ఆదెమ్మ మాత్రం అననేలేదంట. గొడవా పెట్టుకోలేదు. ఆ ఈది మొహమే చూడకుండా గుట్ట చుట్టూ తిరిగి, కోసెడు దూరం ఎక్కువైనా, ముళ్ళలోంచి పోయేది. ముప్పై ఏళ్ళు అట్టా చుట్టుదారినే పోయింది. మెత్తటి మనిషి గదా, కోటలో ఎవురూ గమనించలేదు.

ఒకప్పుడు మూడేళ్ళు వరసగా వానల్లేవు. బావులన్నీ ఎండి దొరగారి తోట బావి ఒక్కటే మిగిలింది. దానికి కపిల కట్టి, తోలు బానతో నీళ్ళు తోడి పన్నెండూళ్ళకీ పోసేవాళ్ళు. ఆ కపిల లాగింది చుక్కడని ఒక ఎద్దు. నుదుటి మీద తెల్లచుక్క ఉండేది. తోడెద్దు మొదటేడే పడిపోతే, ఇది ఒంటిగా లాగిందంట. మూడో ఏడు ఆఖరి బాన పైకొచ్చి కాలవలో కుమ్మరించాక, అక్కడే మోకాళ్ళ మీద కూలబడి పాణం ఇడిచింది. పది రోజులకి వానొచ్చింది.

వానొచ్చీ రాకముందే దొర టముకు ఏయించాడు. ఈ వాన తన దయేనంట. తను చేసిన పుణ్యానికే మబ్బు దిగిందంట. చైత్ర పున్నమికి గుట్ట ఎక్కి కొసన తన పేరు మీద రాయి నిలబెడతాడు, జనమంతా గుట్ట కింద చేరి దండాలు పెట్టాల. ఆ రోజుకి కొత్త చెప్పులు కావాలని ఆదెమ్మకి కబురు పెట్టాడు.

అప్పటికి చుక్కడి తోలు ఆదెమ్మ కాడే ఉంది. తొమ్మిది రోజులు కూర్చోని ఆ తోలుతోనే కుట్టింది. తీసుకుపోను వచ్చిన తలారితో ఎప్పట్లాగే చెప్పింది: "తొడుక్కునే ముందు చుక్కడ్ని తల్చుకుని ఒకసారి కళ్ళకద్దుకోమను. ఆడు మూడేళ్ళు మన గొంతులు తడిపాడు." తలారి భయపడతానే ఆ మాట దొర చెవినేశాడు.

పున్నమి రోజు పొద్దున, పన్నెండూళ్ళ జనం గుట్ట కింద నిలబడి ఉండంగా, దొర ఆదెమ్మని ముందుకు పిలిపించాడు. చెప్పులు అప్పటికే తొడుక్కునున్నాడు.

"ఏమే, నన్ను ఎద్దుకి దండం పెట్టమన్నావంట?"

"అన్నాను దొరా."

"ఆ ఎద్దు నాది. అది తిన్న గడ్డి నాది. బావి నాది. నువ్వు తాగిన నీళ్ళూ నాయే. తిన్నింటి వాసాలు లెక్కబెట్టే జాతి మీది! విశ్వాసం లేని జాతి!"

"వాసాలు లెక్కబెట్టాల గదా దొరా. లెక్కబెడితేనే గదా, ఏ కొయ్య ఎవురు నరికారో, ఎవురు మోశారో తెలిసేది."

ఎనకమాల ఎవురో కిసుక్కుమన్నారంట. దొర మొహం కందిపోయింది. అప్పుడే ఎవురో చెప్పేశారు, ఈమె ముప్పై ఏళ్ళుగా కోట ఈదిలోకే రాలేదని. దొర అందరికీ ఇనపడేటట్టు అన్నాడు: "నేను గుట్ట దిగేలోపల ఇది మోకాళ్ళ మీద నిలబడి 'తమ దయ' అనాల. అనకపోతే పేటలో లందలన్నీ మన్నేసి పూడ్పిస్తా. పద్నాలుగిళ్ళూ తగలబెట్టి పొలిమేర దాటిస్తా."

ఆదెమ్మ కూతురు అంకమ్మ అప్పుడు పచ్చి బాలింత. ఆడపిల్లని కని తొమ్మిది రోజులే. బిడ్డని కొంగులో కప్పుకుని జనంలోంచి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

"రెండు మాటలే గదమ్మా. గాల్లో కలిసి పోయేయి. అనెయ్. ఈ పసిగుడ్డునేసుకుని యాడికి పోనమ్మా?"

అప్పుడు ఆదెమ్మ నోరు తెరిచిందంట. ఈ కత నాకు చెప్పింది మా అవ్వ. నిజంగానే అనబోయింది అనేది. మనవరాలు కదా, ఎవురికైనా గుండె అంతే. కానీ నోట్లోంచి వచ్చింది ఏరే మాట.

"అంటా దొరా. ఒక్కటి చూపించండి నాకు. ఆ వానలో, ఆ నీళ్ళలో, తమ చెయ్యి యాడుందో చూపించండి. ఆ చేతిని కళ్ళకద్దుకుని పదిసార్లు అంటా."

దొర నిజంగానే తన చెయ్యి చూసుకున్నాడంట. ఉంగరాలున్నాయి, ఇంకేం లేవు. గిరుక్కున తిరిగి గుట్టెక్కాడు.

సగం దారిలో ఈ బండ ఉంది చూశారా, ఇక్కడికొచ్చేసరికి మిట్టమధ్యానం. ఇక్కడ అడుగు పెట్టాడు, అంతే, చెప్పు పైకి లేవలేదు. రెండోదీ లేవలేదు. తలారి లాగాడు, బంట్లు లాగారు, దొర నడుం పట్టుకుని నలుగురు లాగారు. ఊడిరాలేదు. కత్తితో వార్లు కొయ్యబోతే కత్తి వంకర పోయింది. పోనీ చెప్పులొదిలేసి పోదామని ఒక కాలు బయట పెట్టాడు. చర్రుమని కాలింది. అబ్బా అని మళ్ళీ చెప్పులోనే పెట్టాడు. ఆ ఎండలో, ఆ బండ మీద, ఆయన అరికాళ్ళని కాపాడతా ఉంది చుక్కడి తోలు ఒక్కటే.

"దాన్ని పిలవండి, ఆ మంత్రగత్తెని!" అని అరిచాడు.

ఆదెమ్మ ఎక్కి వచ్చింది, కాళ్ళకి చెప్పులతోటే. దొర ముందు అట్టా నిలబడటం అదే మొదలు.

"నాకు మంత్రాలు రావు దొరా. కుట్టటం ఒక్కటే వచ్చు."

"మరి ఇదేంది?"

"నాకేం తెలుసు. ఆడు మొండోడు, బతికున్నప్పుడు గూడా పేరు పెట్టి పిలిస్తేనే కదిలేవాడు."

దొరకి అర్థమైంది. అర్థమైనా వంగలేదు. పొద్దు వాలిందాకా అట్టనే నిలబడ్డాడు, నోరెండి, కళ్ళు తిరిగి. ఆఖరికి అందర్నీ అటు తిరిగి నిలబడమన్నాడు. బంట్లు తిరిగారు, తలారి తిరిగాడు, కింద జనం గూడా గుట్టకి వీపు పెట్టారు. ఆదెమ్మ తిరగలేదు.

"నువ్వూ తిరగవే!"

"నేను కుట్టినయ్ దొరా. కుట్లు ఎట్టుండాయో చూసుకోవాలగా."

ఇంక చేసేది లేక వంగాడు. చేత్తో చెప్పు తాకాడు. ఈగ వాలినంత మెల్లిగా, "చుక్కడా" అన్నాడు. అంత మెల్లిగా అన్నా పన్నెండూళ్ళకీ ఇనపడిందంట. చెప్పులు వదిలాయి. ఆ అచ్చులే ఇయ్యి. దేవుడి పాదాలు శానా చోట్ల చూసుంటారు మీరు, ఇట్టా ఉంగటంతో సహా చెప్పు అచ్చు యాడన్నా చూశారా? చెయ్యి పెట్టి చూడండి, కుట్లు గూడా తగులుతాయి.

దొర దిగాడు, కొసన రాయి నిలబెట్టనే లేదు. అంత మందిలో పేట జోలికి పోయే మొహం లేదు. కానీ ఊరుకుంటే దొరెట్టా అవుతాడు? "పేట ఉంటది. నువ్వు మాత్రం రేపు పొద్దెక్కేసరికి నా సీమలో ఉండగూడదు. ఉండాలనుకుంటే ఆ రెండు మాటలు అను" అని తీర్పు చెప్పాడు.

తెల్లారింది. ఆదెమ్మ ఎప్పట్లాగే లేచి లందకి దండం పెట్టింది, తంగేడు చెక్కకి పెట్టింది, ఆరెకి పెట్టి దాన్ని కూతురి చేతిలో పెట్టింది. పొయ్యికి పెట్టింది, నీళ్ళ కుండకి పెట్టింది. మంత్రసాని ఇంటికి పోయి ఆమె చేతులు కళ్ళకద్దుకుంది. మనవరాలి అరికాళ్ళు, ఇంకా నేల తగలని కాళ్ళు, వాటిని గూడా కళ్ళకద్దుకుంది. అంకమ్మ ఏడస్తా ఉంటే దాని తల నిమిరింది. చెప్పులు తొడుక్కుంది. చుట్టుదారి ఎక్కలేదు. తిన్నగా కోట ఈదిలోకి నడిచింది.

ఆ చప్పుడు అంతకు ముందెప్పుడూ ఆ ఈది ఇనలేదు. టపా టపా అని, పేటోళ్ళ చెప్పుల చప్పుడు. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు. మాలకొండయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడంట. దొర అరుగు మీదున్నాడు. ఆమెని ఆపి, ఈసారి అరవకుండా, ఇంచుమించు బతిమాలినట్టు అడిగాడు: "ఇప్పటికైనా అను. మనవరాల్ని ఎత్తుకుని ఇక్కడే ఉండొచ్చు. ఊరందరికీ పెడతావు, గొడ్డుకి పెడతావు, కుండకి పెడతావు, నాకు ఒక్క దండం పెడితే నీ సొమ్మేం పోయింది?"

ఆమె ఆగింది. జవాబు చెప్పింది. చెప్పి, పొలిమేర దాటిపోయింది. మళ్ళీ ఎవురికీ కనపడలేదు. పేటోళ్ళు ఈ అచ్చుల పక్కన నాలుగు రాళ్ళు పేర్చి ఆదెమ్మ అన్నారు, గుట్ట ఆదెమ్మ గుట్ట అయ్యింది. ఏటా చైత్ర పున్నమికి పన్నెండూళ్ళ జనం, అన్ని కులాలోళ్ళూ, చెప్పులేసుకుని ఆ ఈది నడుంగుండా నడిచి ఇక్కడికొస్తారు. పసిబిడ్డలకి మొదటి చెప్పులు ఇక్కడే తొడుగుతారు. పోయినేడు మా చెల్లెలి కూతురికి గూడా ఇక్కడే తొడిగాం.

ఆమె దొరకి చెప్పిన జవాబు అంకమ్మ తన బిడ్డకి, ఆ బిడ్డ పెద్దయ్యాక తన మనవరాలికి చెప్పింది, అట్టా అట్టా మా అవ్వ దాకా వచ్చింది. నేనేం కలపలేదన్నా, ఆమె అరుగు ముందు నిలబడి ఎట్టా అందో అట్టనే చెప్తన్నా:

"పొద్దున లేచినకాడ్నించి దండాలు పెడతానే ఉన్నా దొరా. వరస ఇంకా నీ దాకా రాలా."