చిలక కొట్టిన జామపండు

అనగనగా వరిసీమకు ఒక రాజు. మహా మడి మనిషి. ముగ్గురు కొడుకులు ఎదిగాక, ఏడు సముద్రాల అవతల ఉన్న జొన్నసీమ చూడబోయి, అక్కడొక పూటకూళ్ల ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. ఆ సీమలో వండినావిడ అతిథి కళ్లముందే ఒక ముద్ద తాను తిని, ఆ తరువాత పెడుతుంది. నమ్మి తినమని దాని అర్థం. రాజుకు ఆ సంగతి తెలియదు. "ఛీ, ఎంగిలి!" అని విస్తరి వీధిలోకి విసిరేశాడు.

ఆవిడ కొడుకు మాంత్రికుడు. ఊరుకుంటాడా? "మా అమ్మ కూడు ఛీ అన్నావు కదా! నీకూ నీ సీమకూ నాలుక మీద రుచి లేకుండా పోవాలి" అని శపించాడు.

ఆనాటి నుంచి వరిసీమలో పులస పులుసూ మట్టే, గోంగూరా మట్టే, ఆవకాయా మట్టే. పిల్లలు బెల్లం ముక్క కూడా ఉమ్మేసేవారు. మూడేళ్లకు రాజు మంచాన పడ్డాడు.

రుచి తెస్తానని పెద్దకొడుకు వెళ్లాడు, రాలేదు. నడిపివాడు వెళ్లాడు, వాడూ రాలేదు. చిన్నవాడు భానుకీర్తి బయలుదేరుతుంటే రాజు చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు నాయనా. రుచి లేకుండా చావగలను. నువ్వు లేకుండా చావలేను."

అయినా వెళ్లాడు. ఏడు సముద్రాలూ దాటాడు. మొదటి పూటకూళ్ల ఇంట్లో జొన్నరొట్టె తిన్నాడు, మట్టి. రెండో ఇంట్లో రాగిసంకటి, ఉలవచారు తిన్నాడు, మట్టి. రెండుచోట్లా ఎంగిలే. కళ్లు మూసుకుని మింగాడు. మూడో ఇల్లు మాంత్రికుడి తల్లిది. ఆవిడ పోయింది, పెంపుడు కూతురు చెన్నమ్మ రొట్టెలు కొడుతోంది. గుమ్మంలో రెండు రోళ్లున్నాయి. వరిసీమ నుంచి అన్నలను వెతుక్కుంటూ వచ్చానని చెప్పాడు భానుకీర్తి.

"అవి నీ అన్నలప్పా" అంది చెన్నమ్మ. "నా రొట్టె ఎంగిలన్నారు. మాంత్రికుడు రాళ్లు చేసినాడు. నువ్వన్నా ఇంటికి పో."

భానుకీర్తి రోళ్లను కావలించుకుని ఏడ్చాడు. తండ్రి పోతున్నాడు, అన్నలు పోయారు. ఇంక పోవడానికి ఏం మిగిలిందని లోపలికి వెళ్లి కూర్చున్నాడు. చెన్నమ్మ రొట్టె కొరికి పెట్టింది. ఎదురుగా పంజరంలో ఒక చిలక, దాని ముందు బంగారు గిన్నెలో ముట్టని జామపండు.

"నువ్వు తినవా?" అన్నాడు భానుకీర్తి.

"మాంత్రికుడి ప్రాణం నాలో ఉంది, మీ సీమ రుచీ నాలోనే ఉంది. అందుకని ఎవరి చెయ్యీ తగలకుండా మడిగా పెడతాడు. ఒంటరి తిండి దిగదు బాబూ" అంది చిలక.

చూశారా పిల్లలూ! ఎంగిలన్నందుకు రాజును శపించినవాడే చిలకకు మడి కట్టాడు!

భానుకీర్తి తన రొట్టె సగం తిని, మిగతాది చిలకకు పెట్టాడు. అది ఆబగా తిన్నది. తరువాత జామపండు కొరికి అతనికి అందించింది.

"తిను. రుచి మీదైపోతుంది. అది పోతే నేనూ ఉండను. ఫరవాలేదులే, ఒక్కపూట తోడుతో తిన్నాను."

భానుకీర్తి పండు తిరిగి గిన్నెలో పెట్టబోయాడు. తండ్రి గుర్తొచ్చి తిన్నాడు. తియ్యగా ఉంది. చిలక వాలిపోయింది. పెరట్లో మాంత్రికుడు కూలిపోయాడు. అన్నలు మాత్రం లేవలేదు. రాయి చేసినవాడే పోయాక విప్పేదెవరు?

రోళ్లను ఓడెక్కించుకుని, చెన్నమ్మతో ఇల్లు చేరాడు. రాజు కొనఊపిరితో ఉన్నాడు. చెన్నమ్మ రొట్టె కాల్చి, అందరి ముందూ ఒక ముక్క తాను తిని, ఇంకో ముక్క ఆయన నోటి దగ్గర పెట్టింది. కొలువంతా నివ్వెరపోయింది. రాజు ఆమె ముఖం చూశాడు, నోరు తెరిచాడు, మెల్లగా నమిలాడు.

"ఉప్పు తక్కువైందమ్మా" అన్నాడు.

కొలువంతా భోరుమంది. రాజు రొట్టె మొత్తం తిని, కొడుకు చెయ్యి పట్టుకుని, తెల్లవారేసరికి కన్నుమూశాడు.

భానుకీర్తి చెన్నమ్మను పెళ్లాడి చాలాకాలం రాజ్యమేలాడు. రోజూ వంట కాగానే చెన్నమ్మ ఒక ముద్ద తిని, రెండు ముద్దలు రోళ్ల ముందు పెట్టేది. రోళ్లు వద్దనేవి కావు, తినేవీ కావు. కథ విస్తరి ఎత్తేశాను, ఇక మీ ముద్ద మీరు తినండి.