గవిరేసు కట్టకుండా వదిలిన అంచు

అనగా అనగా, ఈ ఏరు ఇప్పుడున్న చోట కాకుండా ఆ కొండ మొదట్లో పారే రోజుల్లో, ఒక ఊళ్ళో గవిరేసు అనే బుట్టలల్లేవాడు ఉండేవాడు. చేతి పని గొప్పది. అతనల్లిన గంపలో నీళ్ళు పోసుకుని పక్కింటిదాకా వెళ్ళొచ్చనేవాళ్ళు. నేను చూడలేదు, విన్నదే చెబుతున్నాను.

చెయ్యి మంచిదే గానీ, బుర్రతోనే తంటా. గంప పూర్తయ్యేది. ఎండలో పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూసేవాడు. "ఈ బద్ద వదులైందేమో. ఎందుకైనా మంచిది, ఇంకొక్కసారి చూద్దాం" అనేవాడు. విప్పేసేవాడు. మళ్ళీ అల్లేవాడు. మళ్ళీ విప్పేసేవాడు. కోతలకి ముందు చేట అడిగినావిడకి, అది చేతికొచ్చేసరికి గాదెలో గింజ ఉండేది కాదు. ఊరివాళ్ళకి కిటుకు తెలిసిపోయింది. అతను అన్నానికి లేవగానే గుమ్మంలో గింజలు పోసి, ఉన్న బుట్ట ఉన్నట్టు ఎత్తుకుని పరుగెత్తేవాళ్ళు.

అతనికున్నది ఒక్కత్తే చెల్లెలు, నూకాలు. తల్లి పోయాక తనే పెంచాడు. వెదురు కొట్టడానికి వెళ్తే ఆ పిల్లని గంపలో కూర్చోబెట్టుకుని మోసుకెళ్ళేవాడు. అలా పెంచిన పిల్లని ఏరు దాటి ఒక పగలంతా నడిస్తే గానీ చేరని ఊరికి ఇచ్చాడు.

అత్తారింటికి వెళ్తూ నూకాలు అంది: "అన్నా, నాకు సారెలూ చీరలూ ఏటీ తేవద్దు. నువ్వొస్తే చాలు."

"రాకుండా ఎలా ఉంటానే పిచ్చిదానా" అన్నాడు గవిరేసు. మనసులో ఉన్న మాటే అన్నాడు.

ఏడాది తిరిగింది. ఉప్పమ్ముకునే ముసలాయన కబురు తెచ్చాడు. "నీ చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానంనాడు పిల్లని మేనమామ తెచ్చిన చేటలో పడుకోబెడతారట. రమ్మంది."

గవిరేసు సంబరంగా కూర్చుని చేట అల్లాడు. చూసుకున్నాడు. "పసిదాని ఒళ్ళు గీసుకుంటుందేమో. ఎందుకైనా మంచిది, ఇంకొక్కసారి" అని విప్పేశాడు. అలా విప్పి అల్లి, విప్పి అల్లి ఉండగానే పురుడు దాటిపోయింది. పిల్లని పక్కింటివాళ్ళ చేటలో పడుకోబెట్టారు.

"ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అని ఆగిపోయాడు.

ఐదేళ్ళు గడిచాయి. ముసలాయన మళ్ళీ వచ్చాడు. "పిల్లకి చెవులు కుట్టిస్తున్నారు. మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. రమ్మంది."

ఈసారి గవిరేసు బయల్దేరాడు. ఏటిదాకా వెళ్ళాడు. నీళ్ళలో కాలు పెట్టబోతూ ఆలోచించాడు. "పురిటికి రాలేదేం అని బావ అడుగుతాడు. నేనిలా అంటాను. దానికి బావ అలా అంటాడు. అప్పుడు నేను ఊరుకుంటానా?" ఒడ్డున కూర్చుని ఇద్దరి మాటలూ తనే అనుకున్నాడు. చివరికి ఆ బావ అనని మాటకి ఒళ్ళు మండిపోయి, కోపంగా లేచి ఇంటికొచ్చేశాడు. ఆ బావ, పాపం, ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడేవాడు కాదు.

మరో పదేళ్ళు గడిచాయి. ముసలాయన మూడోసారి వచ్చాడు. "నూకాలు మంచం పట్టింది. ఏటీ తేనక్కర్లేదు, మా అన్నని ఒక్కసారి చూడాలనుంది అంటోంది."

"జబ్బు మనిషి దగ్గరికి ఉత్త చేతులతో ఎలా వెళ్తాం?" అనుకున్నాడు గవిరేసు. పళ్ళు పట్టుకెళ్ళడానికి చిన్న బుట్ట మొదలుపెట్టాడు. అల్లాడు. విప్పాడు. అల్లాడు. నాలుగోనాడు ముసలాయన మళ్ళీ కనిపించాడు. భుజాన ఉప్పు కావిడి లేదు. వచ్చి గుమ్మంలో కూలబడి, తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. గవిరేసు చేతిలోని బద్ద జారిపోయింది.

అప్పటినుంచీ రోజూ ఏటి ఒడ్డుకి వెళ్ళి అవతలికి చూసేవాడు. అవతల ఇసుక తప్ప ఏమీ లేదు. అయినా చూసేవాడు. చెల్లెలి మీద బెంగ అతన్ని వదల్లేదు. బతికున్నప్పుడు ఒక పగటి దూరంలో ఉన్న మనిషి! అది తలుచుకున్నప్పుడల్లా గుండెలు బాదుకునేవాడు.

ఒకనాడు వాకిట్లో ఎవరో నిలబడ్డారు. తలెత్తి చూసి, "నూకాలూ!" అన్నాడు.

"నేను నూకాలు కూతుర్ని మావా. పైడమ్మని. ఎల్లుండి పొద్దువాలే వేళ నా పెళ్ళి. నన్ను గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మొయ్యాలంటే మేనమామ ఉండాల. నాకున్నది నువ్వొక్కడివే."

గవిరేసు నేల చూపులు చూస్తూ అడిగాడు. "మీ అమ్మకి నా మీద కోపం ఉండేదా తల్లీ?"

"కోపమేటి మావా? రోజూ ఎసట్లో గుప్పెడు బియ్యం ఎక్కువ పోసేది. ఎందుకే అమ్మా అంటే, ఎందుకైనా మంచిది, మీ మావ వస్తాడేమో అనేది. మంచం మీంచి లేవలేనప్పుడు నా చేత పోయించింది."

గవిరేసు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పిల్ల వెళ్ళిపోయేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.

ఆ రోజే పెళ్ళిగంప మొదలుపెట్టాడు. మర్నాడు విప్పేశాడు. అలవాటు అంత తేలిగ్గా పోతుందా? మళ్ళీ అల్లాడు. మూడోనాడు తెల్లవారేసరికి గంప నిలబడింది గానీ, పైన జానెడు అంచు కట్టలేదు. గంపని తిప్పి చూశాడు. అడుగున ఒక బద్ద వదులుగా కనిపించింది. కత్తి మీదికి చెయ్యి పోయింది. ఎసట్లో పడిన గుప్పెళ్ళన్నీ గుర్తొచ్చాయి. పదహారేళ్ళ గుప్పెళ్ళు. కత్తి వదిలేసి, ఉన్న గంప ఉన్నట్టు నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు.

బుర్ర ఊరుకుంటుందా? ఊరు దాటగానే అంది, "అంచు కట్టలేదే?" ఏటి దగ్గర అంది, "బావ ఏమంటాడో?" ఆ ఊరి పొలిమేరలో అంది, "అందరూ నవ్వుతారేమో?" మూడుసార్లూ గవిరేసు ఒకటే జవాబు చెప్పాడు. "ఆలోచించుకో, ఎవరొద్దన్నారు? నేను నడుస్తుంటాను."

పందిరి దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. బద్దల కొసలు పైకి లేచిన గంపని చూసి జనం నవ్వనే నవ్వారు. బావ ఎదురొచ్చాడు. అతని జుట్టంతా నెరిసిపోయింది.

"వచ్చావా బావా" అన్నాడు. ఆ ఏడాదికి అతని మాటలు అయిపోయాయి.

పైడమ్మ గంపలో కూర్చుంది. గవిరేసు లేచిన బద్దల కొసలు తడిమి చూశాడు. "గుచ్చుకుంటాయేమో తల్లీ. ఒక్క క్షణం ఆగు, ఈ అంచు..."

"ఎత్తు మావా."

ఎత్తాడు. చెల్లెలిని మోసిన చేతులతో చెల్లెలి కూతుర్ని మోశాడు. పందిరంతా వెతికాడు, ఆ ఒక్క మొహం లేదని తెలిసి కూడా.

పెళ్ళయ్యాక గవిరేసు గంప ముందు కూర్చుని అంచు కట్టబోయాడు. పైడమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు మావా. అమ్మ చూసుంటే, ఇలాగే బాగుందనేది."

ఆ తర్వాత గవిరేసు చాలా ఏళ్ళు బతికాడు. పిలవకపోయినా నెలకోసారి ఏరు దాటేవాడు. చివరిదాకా బుర్ర మాట్లాడుతూనే ఉందట, అతను నడుస్తూనే ఉన్నాడట.

ఇప్పటికీ ఆ వైపు పెళ్ళిగంపకి జానెడు అంచు కట్టకుండా వదిలేస్తారు. మేనమామ ఎక్కడైనా తటపటాయిస్తే ఆడవాళ్ళంతా "గవిరేసే వచ్చాడు, నీకేమయ్యా, ఎత్తు" అని వేళాకోళం చేస్తారు. చుట్టమింటికి వెళ్దామా వద్దా అని గింజుకునేవాళ్ళని కూర్చోబెట్టి ఈ కథ చెబుతారు. నూకాలు బియ్యం పోసే చోటుకి వచ్చేసరికి కొందరు తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోతారు. కథలో పెళ్ళిదాకా వాళ్ళు వినరు. పోనిద్దురూ, వాళ్ళు అప్పటికే దారిలో ఉంటారు.