ఆకుపచ్చ రంగు వేసిన ట్యాంకు

కోటేశ్వరికి గాలి ట్యాంకంటే భయం, ఎక్కడ పేలుతుందోనని. చిలకలూరిపేట బైపాస్ పక్కన హుస్సేన్‌బీ టైర్ల కొట్లో పని నేర్చుకోవడానికి చేరి ఏడాదైంది. టైరు విప్పుతుంది, పంక్చర్ వేస్తుంది. రోజూ పొద్దున్నే ట్యాంకు కింద కుళాయి తిప్పి, లోపల చేరిన నీళ్ళు వదలమంటే మాత్రం చేతులు వణుకుతాయి. తిప్పగానే అది బుస్సుమంటుంది. ఈమె ఎగిరి వెనక్కి దూకుతుంది. లారీ డ్రైవర్లు నవ్వుతారు. ఆడదాని భయం వాళ్ళకి ఉచితంగా దొరికే వినోదం.

"ఈ భయం ఎప్పుడు పోతుందక్కా?" అని అడిగేది. హుస్సేన్‌బీ మళ్ళీ కుళాయి వైపే వేలు చూపించేది.

కాలు విరిగి హుస్సేన్‌బీ మూడు నెలలు ఇంట్లో ఉండిపోయింది. చేతికర్రతో తిరిగొచ్చేసరికి ట్యాంకు ఆకుపచ్చ రంగుతో మెరిసిపోతోంది.

"నేనే వేశా. ఇప్పుడు దాని పక్కనే స్టూలేసుకుని అన్నం తింటున్నా. భయం పోయిందక్కా!"

"కుళాయి?"

"ఎర్రనీళ్ళు కారి గచ్చంతా మరకలు. మీ ట్యాంకుకి జలుబు చేసిందా అని సూరన్న ఒకటే ఎగతాళి. లప్పం పెట్టి మూసేశా."

లారీకి గాలి పట్టించుకుంటున్న సూరన్న మెచ్చుకోలుగా తలూపాడు. "మగాడిలా తయారైంది."

హుస్సేన్‌బీ మోటారు ఆపేసింది.

"ఇద్దరూ రోడ్డు మీదకి పొండి."

ఆ గొంతుకి సూరన్న నవ్వు ఆగిపోయింది. ముందు పరిగెత్తింది అతనే.

ఆమె గొట్టంలోంచి గాలి వదలసాగింది. మీటరు ముల్లు నెమ్మదిగా దిగుతోంది. ట్యాంకు పక్కన ఆమె ఒక్కతే. ముల్లు సున్నాకి చేరాక కూడా హుస్సేన్‌బీ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత రమ్మని చెయ్యూపింది.

లప్పం చెక్కి కుళాయి తిప్పితే ఏమీ రాలేదు. కింద బకెట్ పెట్టి, తీగతో పొడిచింది. అప్పుడు వచ్చాయి నీళ్ళు, చిక్కగా, ఎర్రగా. తుప్పు పెళ్ళలు. మళ్ళీ నీళ్ళు. చివరికి ఆ బకెట్, కాన్పు గదిలోంచి తెచ్చినట్టుంది.

హుస్సేన్‌బీ స్క్రూడ్రైవర్ తీసి, ట్యాంకు అడుగున కొత్త రంగు మీద మెల్లగా నొక్కింది. అది పిడి దాకా లోపలికి దిగిపోయింది.

కోటేశ్వరి తన స్టూలు వైపు చూసింది. ట్యాంకుకి జానెడు దూరంలో ఉంది. దాని మీద అన్నం గిన్నె.

తర్వాత హుస్సేన్‌బీ వైపు తిరిగింది.

"అక్కా, మీ చేతులు వణుకుతున్నాయి."

"ఇరవై రెండేళ్ళుగా వణుకుతూనే ఉన్నాయి. అందుకే రెండూ ఉన్నాయి."