ఎవరిస్తో మాస్టారికిచ్చిన పాసు

లాసరో జట్టు వరసగా ఓడిపోతోంది. అంతకన్నా అతణ్ణి బాధపెడుతున్న సంగతి ఇంకొకటుంది. అతని ఆటగాళ్ళు బంతికి దొరక్కుండా దాక్కుంటున్నారు.

ఫుట్‌బాల్ ఆడినవాళ్ళకు ఇది తెలుసు. భయం పట్టుకున్న ఆటగాడు మైదానం వదిలి పారిపోడు. అవతలి జట్టువాడి వెనక్కి వెళ్ళి నిలబడతాడు, అంతే. అక్కడుంటే ఎవరూ అతనికి బంతి ఇవ్వలేరు. చూసేవాళ్ళకు మాత్రం ఆడుతున్నట్టే ఉంటుంది.

లాసరోకు ఆ భయం ఎన్నడూ తెలియదు. స్పెయిన్‌లో పెద్ద జట్లకు పదహారేళ్ళు మిడ్‌ఫీల్డర్‌గా ఆడాడు. మైదానం మధ్యలో నిలబడి, ఒక్కసారి తలెత్తి చూసి, అవతలి అంచున పరిగెత్తేవాడి పాదం ముందు బంతిని దింపేవాడు. "మేం పరిగెడితే చాలు, బంతి దానంతటదే వచ్చేది" అని అతనితో ఆడినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మోకాలు అరిగిపోయాక ఆట మానేసి కోచ్ అయ్యాడు. మొదటి రెండు జట్లూ ఏడాది తిరక్కుండానే అతణ్ణి పంపించేశాయి. ఇది మూడోది. ఉత్తర తీరంలో, ఎప్పుడూ వాన కురిసే ఓ రేవు పట్టణం జట్టు. ఇంకొన్ని ఆటలు ఓడితే కింది డివిజన్‌కి పడిపోతుంది.

అందరికన్నా ఎక్కువ దాక్కుంటున్నది యెరాయ్. కానరీ దీవుల నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళవాడు. వచ్చిన కొత్తలో మైదానమంతా తనదే అన్నట్టు ఆడేవాడు. లాసరో అతణ్ణి తనంతవాణ్ణి చేద్దామనుకున్నాడు. ప్రతి తప్పూ అక్కడికక్కడే దిద్దాడు. ఎలా ఆడాలో తనే ఆడి చూపించాడు. నెలలు గడిచేకొద్దీ యెరాయ్ అడుగు బరువెక్కింది. గురువారం ప్రాక్టీసులో అందరి ముందూ లాసరో అతణ్ణి పిరికివాడన్నాడు.

మర్నాడు పొద్దున్నే యెరాయ్ వచ్చాడు.

"కోచ్, ఆదివారం ఆట అయ్యాక ఇంటికెళ్ళిపోతాను. ఇక ఆడను."

అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

ఆ మధ్యాహ్నం లాసరో ఎవరిస్తో మాస్టారికి ఫోన్ చేశాడు. అతనికి పదేళ్ళప్పుడు, గడ్డి మొలవని మట్టి మైదానంలో, మొదటగా ఆట నేర్పింది ఆయనే. ఇప్పుడాయనకు ఎనభై దగ్గర పడింది. కర్ర లేకుండా నడవలేరు.

"మాస్టారూ, నేను చూపించేది వీళ్ళకి కనబడదు. చెప్పేది తలకెక్కదు. బంతి వస్తోందంటే దాక్కుంటున్నారు. ఏం చెయ్యను?"

"రేపు ప్రాక్టీసు ఎన్నింటికి?" అన్నారాయన.

శనివారం ఉదయం బస్సు దిగి తిన్నగా మైదానానికి వచ్చారు. టోపీ పెట్టుకుని, ఓ పక్కన కుర్చీలో కూర్చుని, ప్రాక్టీసంతా చూశారు. చివర్లో లేచి, కర్ర పొడుచుకుంటూ పచ్చిక మీదికి నడిచారు.

"లాసరో, నాకో పాసు ఇవ్వు."

ఆటగాళ్ళు చుట్టూ చేరారు. లాసరో నవ్వుతూ బంతి ముందుకు దొర్లించుకుని కొట్టాడు. తడి గడ్డిని రాసుకుంటూ, గీత గీసినట్టు, అది మాస్టారి కుడికాలి దగ్గరికే వెళ్ళింది. ఆయన కాలు లేపేలోపే దాటిపోయింది.

"మంచి పాసు. ఇంకోటి."

రెండోది ఆయన చీలమండకు తగిలింది. ఆయన తూలారు. పక్కనే ఉన్న యెరాయ్ చప్పున చెయ్యి పట్టుకున్నాడు.

"బంతి వచ్చేలోపే కాలు సిద్ధం చేసుకోవాలి మాస్టారూ. శరీరం కాస్త పక్కకి తిప్పి, ముందే చూసుకుని..." అన్నాడు లాసరో. అలవాటు కొద్దీ అన్నాడు.

"ఊఁ."

లాసరో మూడో పాసుకు సిద్ధమయ్యాడు. తలెత్తి చూస్తే మాస్టారు అక్కడ లేరు. గోల్‌కీపర్ గోర్కా తలుపంత మనిషి. అతని వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. టోపీ అంచూ, కర్ర కొనా కనబడుతున్నాయి.

అందరూ గొల్లున నవ్వారు. లాసరో కూడా నవ్వాడు.

"మాస్టారూ! అక్కడ నిలబడితే బంతి ఎలా ఇవ్వను?"

గోర్కా వెనక నుంచి జవాబు వచ్చింది.

"ఇవ్వకూడదనే ఇక్కడ నిలబడ్డాను."

నవ్వులు ఆగిపోయాయి. లాసరో చూపు తనకు తెలియకుండానే యెరాయ్ మీదికి వెళ్ళింది. యెరాయ్ గడ్డివైపు చూస్తున్నాడు.

లాసరో బంతిని చంకలో పెట్టుకుని సగం దూరం ముందుకు నడిచాడు.

"మీకు ఏ కాలు నయం మాస్టారూ?"

"ఎడమది. అదీ కొంచెమే."

"బయటికి రండి."

ఆయన మెల్లగా బయటికి వచ్చి నిలబడ్డారు. లాసరో కాలి లోపలి వైపుతో బంతిని కదిలించాడు. అది నిదానంగా దొర్లుకుంటూ వెళ్ళి ఆయన ఎడమకాలి దగ్గర ఆగినంత పని చేసింది. ఆయన దాన్ని అరికాలితో తొక్కిపట్టారు. తర్వాత కర్ర మీద బరువు మోపి, బూటు మొనతో వెనక్కి నెట్టారు. అది వంకరగా వచ్చింది. లాసరో పక్కకి జరిగి అందుకున్నాడు.

"ఇంకోటి" అన్నారు మాస్టారు, ఈసారి చిన్నపిల్లాడి ముఖంతో.

జల్లు మొదలైనా ఇద్దరూ అలా ఆడుతూనే ఉన్నారు. ఆటగాళ్ళు తడుస్తూనే నిలబడి చూశారు.

బస్టాపులో గొడుగు పట్టుకుని ఉన్నప్పుడు లాసరో ఉండబట్టలేక అడిగాడు.

"మొదటి రెండూ కూడా మంచి పాసులే కదా మాస్టారూ?"

"చాలా మంచివి" అన్నారు ఎవరిస్తో బస్సు ఎక్కుతూ. "నాకే అందలేదు."

లాసరో తిరిగి వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. యెరాయ్ ఒక్కడే మెట్ల మీద కూర్చుని బూట్లకంటిన బురద గీకుతున్నాడు. లాసరో వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీకు బంతి ఎలా ఇస్తే బాగుంటుంది?"

యెరాయ్ నమ్మలేనట్టు చూశాడు. చేతిలోని బూటు కింద పెట్టాడు.

"పాసులన్నీ ముందున్న ఖాళీలోకి వెయ్యమంటారు మీరు. మీకు ముందే అంతా కనబడుతుంది కోచ్. నాకు కనబడదు. నాకు కాళ్ళ దగ్గరికి కావాలి. బంతి కాలికి తగిలాకే నాకు ఆట కనబడుతుంది."

అలా కూడా ఉంటుందని లాసరోకు తెలియదు. ఇన్నేళ్ళలో ఎవరినీ అడగలేదు.

"నిన్ను పిరికివాడన్నాను. అది తప్పు" అన్నాడు. "రేపు అందరి ముందూ చెప్తాను."

చెప్పాడు కూడా. బూట్లు తొడుక్కుంటున్న జట్టు మధ్య నిలబడి చెప్పి, "ఇవాళ యెరాయ్‌కి బంతి కాళ్ళ దగ్గరికే ఇవ్వండి" అన్నాడు.

ఆదివారం ఆట ఒకటి ఒకటితో సమంగా ముగిసింది. ఆ ఒక్క పాయింటుతోనే చివరికి ఆ ఏడాది జట్టు గట్టెక్కింది. లాసరోకు ఎక్కువగా గుర్తున్నవి మాత్రం మొదటి కొద్ది నిమిషాలు.

యెరాయ్‌కి వచ్చిన తొలి బంతి జారి అవతలివాళ్ళకు పోయింది. జనం ఈలలు వేశారు. అక్కడ ఈలలంటే మెచ్చుకోలు కాదు, ఛీత్కారం. యెరాయ్ తలదించుకుని మెల్లమెల్లగా అవతలి జట్టు డిఫెండర్ వెనక్కి జరిగాడు.

లాసరో బెంచి మీంచి లేచి గీత దాకా వచ్చాడు. ఎక్కడ నిలబడాలో, ఎటు తిరగాలో అన్నీ నాలుక చివరికి వచ్చాయి. వాటిని మింగి, చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

డిఫెండర్ వెనక నుంచి యెరాయ్ అతనివైపు చూశాడు. అరుపు కోసం చూశాడు. అది రాలేదు. వాన మాత్రం పడుతోంది.

యెరాయ్ చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. ఒక అడుగు పక్కకు వేశాడు. ఇంకో అడుగు వేసి, అందరికీ కనబడేలా ఖాళీలోకి వచ్చి నిలబడి, చెయ్యెత్తాడు.

"నాకు!" అని అరిచాడు. "ఇటు, నాకు!"