సొరపువ్వుల పురోహితులు

సొరకాయలకు పేరుపడ్డ ఒకానొక రాజ్యంలో రణభీముడనే రాజుండేవాడు. ఆయన గెలిచిన యుద్ధాలు రెండు, చెప్పుకునేవి ఏడు. సొరకాయ పులుసు లేనిదే ఆయనకు ముద్ద దిగదు.

ఒక సాయంత్రం పాటకచేరీలో, దీపం చుట్టూ తిరుగుతున్న రెక్కలపురుగు ఒకటి రాజుగారి మీసంలో చిక్కుకుంది. రాణిగారు నవ్వారు. ఆమె నవ్వారు గనక సభంతా నవ్వింది. మర్నాటి నుంచి పొద్దుగూకగానే కోటలోనూ తోటలోనూ వేపాకు పొగ వేసి ఆ పురుగుల్ని తరమమని ఆజ్ఞ అయింది. మంత్రిగారు దగ్గుకుంటూనే దగ్గరుండి వేయించారు.

నెల తిరిగేసరికి పందిళ్ళ నిండా పూలే, కాయ ఒక్కటీ లేదు. రాజు తోటమాలి గురవమ్మను పిలిపించాడు.

"కాయలన్నీ అమ్ముకున్నావట. రేపే రాజ్యం విడిచిపో."

ఆ తోట తప్ప గురవమ్మకు వేరే దిక్కు లేదు. అయినా గొంతు పెంచలేదు.

"పుట్టని కాయలు ఎలా అమ్మను దొరా? సొరపాదులో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. చీకటిపడే వేళకు విచ్చుకుంటాయి. ఇక్కడి పుప్పొడి అక్కడ చేర్చి పెళ్ళి చేసే పురోహితుల్ని తమరు వెళ్ళగొట్టారు."

"ఎవరా పురోహితులు?"

"రెక్కలపురుగులు. ఎండుటాకులా ఉండేదొకటి, చెట్టుబెరడులా ఉండేదొకటి, రెక్కల మీద గుడ్లగూబ కళ్ళున్నదొకటి, బియ్యపుగింజంతదొకటి. పెళ్ళికి అందరూ వస్తారు, పని చేసేది కొందరే. వాళ్ళలో పెద్దాయన తొండం వేలెడు పొడుగు. గాల్లో నిలబడే తేనె తాగుతాడు."

"పురుగు చేసే పని మనిషి చెయ్యలేడా?" అన్నాడు మంత్రి.

"మనుషులు చెయ్యగలరేమో. రాజులవల్ల కాదు" అంది గురవమ్మ, చాలా వినయంగా.

ఆ సాయంత్రమే రాజు పందిరి కింద ఉన్నాడు. గురవమ్మ మగపువ్వు కోసి చేతికిచ్చింది. దాన్ని ఒక్కో ఆడపువ్వుకూ రాయాలి. మొదటి పందిరికే మెడ పట్టేసింది. రెండోదానికి కిరీటం తీగల్లో ఇరుక్కుంది.

"ఇంకెన్ని?"

"పందిళ్ళు నలభై దొరా. రేపు మళ్ళీ కొత్తపూలు."

"ఆ పురోహితులకు జీతమేమిటి?"

"తలా చుక్క తేనె."

నాలుగో రోజుకు, రాజు రాసిన పూలకే పిందెలు నిలిచాయి. మిగతావి వాడి రాలిపోయాయి. రాజు పట్టేసిన మెడ పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. పొగ మానిపించి, తోటలో ఇకమీదట గురవమ్మ మాటే ఆజ్ఞ అని చాటింపు వేయించాడు.

గురవమ్మ మొదటి ఆజ్ఞ ఆ పూటే ఇచ్చింది. పురుగులు తిరిగొచ్చేదాకా పూలపని మంత్రిగారిది.

ఆ ఏడు మొదటి కాపులో ముప్పాతిక ఆయన చేతి చలవే. పులుసు మాత్రం రాజుగారు తాగారు.