ముందువరసలో వాలిన చిలక

మీ తాతల తాతలు ఉయ్యాలలో ఉన్న రోజుల్లో, మొగలిదుర్గం అనే రాజ్యానికి ఒక రాజు ఉండేవాడు. ఆయన పేరు రణధీరవర్మ. పేరు చూసి భయపడకండి. ఆయన రణం చూసిందీ లేదు, ధీరత్వం అవసరపడిందీ లేదు. యుద్ధం గురించి చెప్పడానికి నాకున్న అర్హతా అంతే. ఇంట్లో నలుగురిని ఒక పెళ్ళికి బయల్దేరదీయడమే నా సేనాధిపత్యంలో జరిగిన ఏకైక దండయాత్ర. మేం చేరేసరికి అక్కడ పందిరి విప్పుతున్నారు. కాబట్టి ఇందులో వ్యూహాలేవైనా కనిపిస్తే ప్రయోగించకండి. కథ వినండి, చాలు.

ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు చక్రపాలుడు, రెండోవాడు గజపాలుడు, మూడోవాడు కువలయుడు. వాళ్ళు పెరిగి పెద్దవుతుండగా ఉత్తరాన వజ్రకంఠుడనే మాంత్రికుడు బయల్దేరాడు.

వాడిదొక పాడు విద్య. దొరికినవాడికల్లా చెవికి ఒక రాగిపోగు తగిలించేవాడు. అంతే! తన ఇనుప మేడలో కూర్చుని వాడు గొణిగిన మాట అన్ని చెవుల్లోనూ ఒక్కసారే మోగేది. "నడు" అంటే వేలమంది నడిచేవాళ్ళు. "పొడు" అంటే పొడిచేవాళ్ళు. ముక్కు మీద ఈగ వాలినా, వాడు చెప్పందే తోలుకోవడానికి లేదు. మేడలో ఒక మాయదర్పణం ఉండేది. అందులో యుద్ధమంతా చూస్తూ ద్రాక్షపళ్ళు తినేవాడు తప్ప కిందికి దిగేవాడు కాదు. ఎందుకు దిగుతాడు? వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో, పంజరంలో చిలకై భద్రంగా ఉంది. ఇక్కడ వందమంది పోతే ఇంకో వందమందికి పోగులు తగిలించేవాడు.

వాడి సైన్యం మొగలిదుర్గం సరిహద్దుకు వచ్చిందని తెలిసింది.

"నేను వెళ్తాను నాన్నగారూ!" అన్నాడు చక్రపాలుడు. యుద్ధ గ్రంథాలన్నీ అతనికి కంఠతా వచ్చు. వెళ్ళి పద్మవ్యూహం పన్నాడు. కానీ మొగలిదుర్గంలో ఒక ఆచారం ఉంది. ఒక సామంతుడి జెండా ఇంకో సామంతుడి జెండా వెనకాల నడవకూడదు.

"మా తాతగారి జెండా ఎవరి వీపూ చూసి ఎరగదు!" అన్నాడు ఒకాయన.

"మీ తాతగారు మా తాతగారి గొడుగు పట్టినవాడేగా!" అన్నాడు ఇంకొకాయన.

అందరూ ముందుకే తోసుకున్నారు. రేకులన్నీ ఒకే పక్కకు వచ్చేసి తామరపువ్వు కాస్తా చీపురుకట్ట అయింది. చక్రపాలుడు గ్రంథం తిరగేసి చూశాడు. చీపురువ్యూహం అందులో లేదు. అది వెతికేలోపల శత్రువులు చుట్టుముట్టారు, అతని చెవికి రాగిపోగు పడింది.

"సామంతులూ వద్దు, జెండాలూ వద్దు. నాకు ఏనుగులు చాలు," అన్నాడు గజపాలుడు.

ఏనుగులశాలలో భద్రి అనే ముసలి ఏనుగు తల అడ్డంగా ఊపింది. ఆ రోజుల్లో జంతువులు మాట్లాడేవి. మనుషులు వినకపోవడం మాత్రం అప్పుడూ ఉంది.

"మేత సంగతేమిటి బాబూ?" అంది భద్రి.

"ముందు శత్రువుని తొక్కండి, తరవాత చూద్దాం."

"ఖాళీ కడుపుతో తొక్కుడేమిటి బాబూ?"

"నువ్వు ముసలిదానివి. ఇక్కడే ఉండు," అని గజపాలుడు మిగతా వాటిని తోలుకుపోయాడు. దారిలో ఒక చెరకుతోట కనిపించింది. ఏనుగులన్నీ అందులోకి దిగాయి. రైతులు డప్పులు వాయించి, కాగడాలు విసిరి తరిమితే, అవి చెల్లాచెదురై వచ్చిన దారినే పారిపోయాయి. గజపాలుడు ఒక్కడే శత్రువు ముందు మిగిలాడు. అతని చెవికీ పోగు పడింది.

రాజుగారు తల పట్టుకున్నారు. "ఇద్దరు పోయారు. నువ్వైనా ఇంట్లో కూర్చో నాయనా!"

"కూర్చుంటే వాడే ఇంటికొస్తాడు నాన్నగారూ," అన్నాడు కువలయుడు. తిన్నగా ఏనుగులశాలకు వెళ్ళాడు. "భద్రమ్మా, వాడితో ఎలా పోరాడమంటావు?"

ముసలి ఏనుగు కళ్ళు చెమర్చాయి. "ఈ వంశంలో అడిగినవాణ్ణి ఇవాళ చూశాను! పోరాడకు చినబాబూ. వాడి ముందువరసలో ఉన్నది నీ అన్నలే. వాణ్ణి కొట్టాలంటే వాళ్ళ మీదుగా పోవాలి. ఏడు సముద్రాల అవతల దీవిలో వాడి ప్రాణమున్న చిలక ఉంది, వెళ్ళి దాన్ని పట్టుకురా. పోతూ పోతూ తిండిమూట మాత్రం మరిచిపోకు."

కువలయుడు పులిహోర మూట కట్టించుకుని రేవుకు వెళ్ళాడు. అక్కడ దీవుల రాజుగారి కూతురు ముక్తావళి తన ఓడకు తాళ్ళు బిగిస్తోంది.

"ఏడు సముద్రాలు దాటాలి," అన్నాడు.

"నా ఓడమీద ఎవరి మాట చెల్లుతుంది?" అంది ఆమె.

"మీదే."

"అయితే ఎక్కండి. ఇదివరకు వచ్చిన రాకుమారుడు ఎక్కీ ఎక్కగానే చుక్కాని పట్టుకున్నాడు. వాడికి ముందువాడు, తాడు లాగవయ్యా అంటే నామీద పద్యం అల్లాడు. ఓడ వెళ్ళి దిబ్బకు కొట్టుకుంది."

తెరచాప కొయ్యమీద ఒక గద్ద కూర్చుని ఉంది. నేల ఎటుందో ఎగిరి చూసి రావడం దాని పని. "పని నాది, కూలి చేపతలకాయలు!" అని అది రోజూ సణిగేది.

మొదటి సముద్రంలో కువలయుడు వాంతి చేసుకున్నాడు. రెండో సముద్రంలోనూ అంతే. మూడో సముద్రానికి లోపల ఏమీ మిగల్లేదు. మిగతా నాలుగూ తెడ్డు వేశాడు. అరచేతులు బొబ్బలెక్కాక ముక్తావళి అతన్ని "రాకుమారా" అనడం మానేసి "కువలయా" అంది.

చిలక ఉన్న దీవిలో మూడు తలుపులు, మూడింటికీ ముగ్గురు రాక్షసులు.

"ఆగు! నిన్ను తినేస్తా!" అన్నాడు మొదటివాడు. అరుపు సగంలోనే నీరసపడిపోయింది.

"నీకు తిండి పంపి ఎన్నాళ్ళయింది?"

"పంపుతానన్నాడు... ఇంకా రాలేదు," అన్నాడు రాక్షసుడు. కువలయుడు మూట విప్పాడు. వాడు పులిహోర తిని, ఆకు కూడా తిని, దారి వదిలాడు.

"దేనికి కాపలా కాస్తున్నావు?" అని రెండోవాణ్ణి అడిగాడు.

"తలుపుకి."

"తలుపు వెనకాల ఏముంది?"

"నాకెవడు చెప్తాడు?" వాడి గొంతులో ఎన్నాళ్ళ కోపమో ఉంది. "నువ్వు చూసొచ్చి చెప్పు. మతి పోతోంది నాకు!"

మూడోవాడు నిద్రమొహంతో లేచి, "నా బదులు వచ్చావా?" అన్నాడు.

"వచ్చాను. ఇంటికెళ్ళు."

వాడు గొల్లుమన్నాడు. "మా పిల్లకి పాలపళ్ళు వస్తున్నప్పుడు వచ్చానయ్యా! ఈపాటికి అవి ఊడిపోయి ఉంటాయి!" అని బల్లెం కువలయుడి చేతిలో పెట్టి పరుగెత్తాడు.

కువలయుడు పంజరం తలుపు తీశాడు.

"మెడ విరవడానికేనా?" అంది చిలక. "విరిస్తే వాడు చస్తాడు. వాడితోపాటు రాగిపోగు పెట్టుకున్న ప్రతివాడూ చస్తాడు. వాడు నోరారా 'విడిచాను' అంటే తప్ప ఆ పోగులు ఊడవు."

కువలయుడు నేలమీద కూలబడ్డాడు. "ఇంతదూరం వచ్చాక ఇప్పుడా చెప్పడం!"

"నువ్వు ఇప్పుడేగా వచ్చావు నాయనా!" అని చిలక పంజరం గుమ్మంలోకి వచ్చి, "అది సరే, వాడెలా ఉంటాడు? నాలో ప్రాణం దాచుకున్నాడు గానీ, ఒక్కనాడూ చూడ్డానికి రాలేదు," అంది.

"చూడాలని ఉందా?"

"ఉంది."

"అయితే రా. నా బలవంతమేం లేదు."

తిరుగు ప్రయాణంలో కువలయుడు, ముక్తావళి, చిలక, గద్ద కలిసి ఒక పథకం వేసుకున్నారు. "నేను చిలకమీదికి దూకి, మళ్ళీ పక్కకు తప్పుకోవాలా? దగ్గరిదాకా వెళ్ళి తినకుండా రావడం నాకు అలవాటు లేదే!" అని గద్ద విసుక్కుంది. అది చూసే చూపు చిలకకు ఏమాత్రం నచ్చలేదు.

వాళ్ళు వచ్చేసరికి మాంత్రికుడి సైన్యం కోటగోడ ముందే ఉంది. ముందువరసలో చక్రపాలుడూ గజపాలుడూ, రెప్పవేయకుండా, తండ్రి కోటవైపే బల్లేలు ఎక్కుపెట్టి నిలబడ్డారు.

"ఇంకా ఆలోచనేమిటి? దాని మెడ విరిచేయండి!" అన్నాడు మంత్రి.

"మరి మా అన్నల మాటేమిటి?"

"దేశం కోసం ఆ మాత్రం త్యాగం..."

"మంత్రిగారూ, మీ అబ్బాయి ఏ వరసలో ఉన్నాడు?"

"వాడికి ఒంట్లో బాగాలేదు."

రాజుగారు కొడుకులిద్దరినీ గోడమీంచి చూస్తూ నిలబడ్డారు.

కువలయుడు చేయి చాపాడు. చిలక ఎగిరి వెళ్ళి చక్రపాలుడి శిరస్త్రాణం మీద వాలింది.

ఇనుప మేడలో ద్రాక్షపండు మాంత్రికుడి గొంతుకు అడ్డం పడింది. ఎన్నెన్నో యుద్ధాలు చేశాడు గానీ, తన ప్రాణం ముందువరసలో ఉండటం వాడికి ఇదే మొదలు!

"వెనక్కి!" అని అరిచాడు. అందరూ వెనక్కి నడిచారు. చిలక కూడా వాళ్ళతోనే వెళ్ళింది. "పట్టుకోండి!" అన్నాడు. వేలమంది ఒక్కసారిగా చేతులు చాపి చిలక మీదికి పడబోయారు. "ఆగండి, ఆగండి! నలిపేస్తారు! ఒక్కడు చాలు!" అన్నాడు. ఎవరా ఒక్కడు? అందరూ ఆగిపోయారు. "నువ్వే, చిలక పక్కనున్నవాడా!" అన్నాడు. చిలక అటూ ఇటూ గెంతుతోంది, కాబట్టి అందరూ పక్కనున్నవాళ్ళే. "పెద్ద ముక్కువాడా!" అన్నాడు. తన ముక్కు చిన్నదని ఎవడనుకుంటాడు? అందరూ మళ్ళీ చేతులు చాపారు.

"కదలకండి!" అని మాంత్రికుడు నెత్తి బాదుకున్నాడు. ఇంతమందిని నడిపించాడు గానీ, పేరుపెట్టి పిలుద్దామంటే వాడికి ఒక్కడి పేరూ తెలియదు.

చేసేది లేక, మొదటిసారి మేడ దిగాడు. రెక్కలున్న ఇనుపరథం ఎక్కి యుద్ధభూమిలో వాలాడు. పొట్టిగా ఉన్నాడు. ఎండకు కళ్ళు చికిలించుకుంటున్నాడు.

"నువ్వా!" అంది మళ్ళీ చక్రపాలుడి నెత్తిమీదికి చేరిన చిలక. దాని గొంతులో నిరాశ దాగలేదు.

"రామ్మా, రా. నీకిష్టమైన పండు పెడతా."

"నాకేం పండు ఇష్టం?"

మాంత్రికుడు తాను తినే ద్రాక్షపండే చాపాడు.

అప్పుడు ముక్తావళి కోట పక్క రేవులో ఆపిన ఓడ మీంచి చేయి ఊపింది. గద్ద ఆకాశంలో ఒక చుట్టు తిరిగి, రెక్కలు ముడిచి, రాయిలాగా కిందికి దూకింది. మాంత్రికుడికి చిలక దగ్గరికి చేరే దారి లేదు. మధ్యలో బల్లేల అడవి. బల్లెం విసరమంటే అందరూ అటే విసురుతారు. డాలు ఎత్తమంటే అందరూ ఎత్తి చిలకను మధ్యలో అప్పచ్చి చేస్తారు. ఆ పక్కనున్న ఒక్కడు, తన బుర్రతో తాను ఆలోచించి, తన చేయి తాను ఎత్తాలి. అలాంటివాణ్ణి మాత్రం వాడు ఒక్కణ్ణీ మిగల్చుకోలేదు.

"విడిచాను!" అని కేకపెట్టాడు. "విడిచాను, విడిచాను! ఎవరైనా చూడండయ్యా దాన్ని!"

రాగిపోగులు గలగలమని నేలరాలాయి. చక్రపాలుడి చేయి కదిలింది. ఎవరూ చెప్పకుండా కదిలింది. డాలు ఎత్తి నెత్తిమీద పట్టుకున్నాడు. గద్ద పక్కకు తప్పుకోబోయి, తప్పుకోలేక, వెళ్ళి డాలుకు ఠంగున కొట్టుకుంది.

"ఇది మనం అనుకోలేదు!" అని తిట్టుకుంటూ అది నేలమీద కూర్చుంది. "నాకు డాలు సంగతి ఎవడైనా చెప్పాడా?"

కువలయుడు కోటగుమ్మం దాటి పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా, వాడి ప్రాణాన్ని ఎందుకు కాపాడావు?"

"వాడి ప్రాణమని నాకేం తెలుసురా?" అన్నాడు చక్రపాలుడు. "నా నెత్తిమీద కూర్చుంది, గద్ద వస్తోంది. అంతే." అంటుండగానే తన చేతిని తానే చూసుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. గజపాలుడు వచ్చి అతన్ని పట్టుకున్నాడు. గోడమీంచి రాజుగారు మెట్లు కూడా చూసుకోకుండా దిగి వచ్చారు.

విడుదలైనవాళ్ళంతా మాంత్రికుడి మీదికి కర్రలెత్తారు. "వాణ్ణి కొడితే నాకు తగులుతుంది," అంది చిలక. అందుకని కువలయుడు వేరే శిక్ష వేశాడు. తన పెళ్ళి విందులో మాంత్రికుడు ప్రతి సైనికుణ్ణీ పేరు అడిగి, ఆ పేరు పలికి, వడ్డించాలి. వాడు పప్పు గంటె పట్టుకుని వరస వెంట వంగి వంగి నడిచాడు. భుజంమీద చిలక కూర్చుని, తప్పు పలికినప్పుడల్లా చెవి కొరికింది.

కువలయుడికీ ముక్తావళికీ పెళ్ళయింది. "రాజ్యం నాకొద్దు, గ్రంథాలు చాలు," అని చక్రపాలుడు తప్పుకున్నాడు. గజపాలుడు భద్రి దగ్గర మేత పని నేర్చుకోవడానికి వెళ్ళాడు. కువలయుడూ ముక్తావళీ చాలాకాలం రాజ్యం ఏలారు. నేలమీద కువలయుడి మాట, నీళ్ళమీద ముక్తావళి మాట. సభలో ఎవరైనా మీసం దువ్వి, "పక్క రాజ్యం మీదికి దండెత్తుదాం ప్రభూ!" అంటే కువలయుడు కాదనేవాడు కాదు.

"అలాగే. ముందువరసలో ఎవరెవరు ఉంటారో పేర్లు చెప్పండి. మొదటి పేరు మీదే కదూ?" అనేవాడు.

ఆ తరవాత సభలో ఇంకేదో మాట వచ్చేది. అలా ఆ రాజ్యంలో పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, పెద్దవాళ్ళు ముసలివాళ్ళయ్యారు.